లారీలో వచ్చే మేత

లాస్ ఏంజెలెస్ నుంచి ఐదో నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వైపు కారులో పోయేవాళ్లు, వాళ్లలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు, ఘాట్ ఎక్కే ముందు కాస్టేక్ అనే ఊళ్లో ఆగుతుంటారు. పెట్రోలు పోయించుకుంటారు, కాఫీ తాగుతారు, కదిలిపోతారు. ఊరికి కాస్త ఎగువన ఒక మట్టికట్ట, దాని వెనక పెద్ద జలాశయం ఉన్నాయన్న సంగతి చాలామందికి పట్టదు. గాలం వేసేవాళ్ల సంగతి వేరు. కాస్టేక్ పేరు వింటే చాలు, అమెరికాలోనే కాదు, జపాన్‌లో ఉన్నవాళ్లు కూడా చెవులు రిక్కిస్తారు. 1991 మార్చిలో బాబ్ క్రూపీ అనే పోలీసు ఉద్యోగి గాలానికి ఇక్కడ ఒక బాస్ చేప పడింది. బరువు 22 పౌండ్ల మీద పిసరంత, అంటే ఇంచుమించు పది కిలోలు. జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెరీ 1932 జూన్ 2న పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేపది అప్పటికి ప్రపంచ రికార్డు. నూరు గ్రాముల చిల్లర తేడాలో అది చెక్కుచెదరకుండా నిలిచింది.

పెరీ చేప పడింది నది పాయ విడిచిపెట్టిన పాత మడుగులో. బాస్ జాతికి అది పుట్టిల్లు. మరి కాస్టేక్? 1973లో ఆనకట్ట పూర్తయ్యేదాకా అక్కడ చెప్పుకోదగ్గ నీళ్లే లేవు. ఎండకు మాడిన కొండలు, వాటి నడుమ వానొస్తేనే పారే వాగు. ఇరవై ఏళ్లు కూడా నిండని కృత్రిమ జలాశయంలో ప్రపంచ రికార్డుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్న చేప ఎలా పెరిగింది? దీనికి జవాబు చెప్పాలంటే అక్కడున్న ఒక్కొక్కటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

ముందు నీళ్లు. అవి ఉత్తర కాలిఫోర్నియాలో ఫెదర్ నది మీది ఓరోవిల్ ఆనకట్ట దగ్గర బయలుదేరి, డెల్టా గుండా, వందల కిలోమీటర్ల కాలువ గుండా దక్షిణానికి వస్తాయి. దారిలో టెహాచపి కొండలు అడ్డం. ఎడ్మన్‌స్టన్ పంపింగ్ కేంద్రం ఆ నీళ్లను 587 మీటర్ల ఎత్తుకు తోడి అవతలికి దాటిస్తుంది. ఆ కాలువ పడమటి పాయ ఆఖరి మజిలీ కాస్టేక్.

తర్వాత చేప. పెద్దనోటి బాస్ రాకీ పర్వతాలకు తూర్పున పుట్టిన జాతి. కాలిఫోర్నియాకు దాన్ని పంతొమ్మిదో శతాబ్దంలోనే తెచ్చారు గానీ అది ఉత్తరాది రకం. ఫ్లోరిడా రకం ఇంకా భారీగా పెరుగుతుందని తెలిసి 1959లో శాండియేగో చుట్టుపక్కల జలాశయాల్లోకి వదిలారు. అక్కడి నుంచి అది మిగతా చోట్లకు పాకింది. ఈ రెండూ ఒకే జాతిలో రకాలా, వేర్వేరు జాతులా అన్న వాదన శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం నడిచింది. ఇప్పుడు రెండు జాతులనే వైపే మొగ్గు. బాస్‌కు మేతగా పనికొచ్చే త్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండి రంగు చిన్నచేపను 1950లలో టెన్నెసీ నుంచి దిగుమతి చేశారు.

అసలైన మేత ఆ తర్వాతది. చలికాలంలో సరదాగా గాలం వేసుకునేవాళ్ల కోసం ప్రభుత్వ మత్స్యశాఖ రెయిన్‌బో ట్రౌట్‌లను పెంపక కేంద్రాల్లో పెంచి, ట్యాంకర్ లారీల్లో తెచ్చి, పడవలు దించే రేవు దగ్గర గొట్టం పెట్టి నీళ్లలోకి వదులుతుంది. ఏ వారం ఏ జలాశయానికి లారీ వెళ్తుందో పట్టిక కూడా ముందే ప్రకటిస్తుంది. మనుషుల కోసం వేసిన ఈ విస్తరి మీద మొదట కూర్చున్నది బాస్.

అలా నీళ్లు ఒకచోటివి, చేప ఒకచోటిది, మేత మరోచోటిది. ఈ మూడూ కలిసిన చోట మనిషి చేసిన నాలుగో వస్తువు స్విమ్‌బైట్. అచ్చం ట్రౌట్‌లా ఉండే ఎరబొమ్మ అది. ఏడాది పొడవునా దాన్ని ఎలా వాడతారో చూస్తూ పోతే ఆ జలాశయం ఎలా పనిచేస్తుందో దానంతటదే అర్థమవుతుంది. ఈ అధ్యాయం పెట్టుకున్న పని అదే.

బాస్ నోటి దగ్గర మొదలుపెడదాం. ఈ చేప పై దవడ కంటిని దాటి వెనక్కి పోతుంది. పళ్లతో కొరికి ముక్కలు చేయడం దానికి రాదు, దవడల మీద గరుకు కాగితం లాంటి నూగుపళ్లే ఉంటాయి. అది తినే పద్ధతి పీల్చుకోవడం. నోటి అడుగుభాగం కిందికి దిగి, మొప్పల మూతలు బయటికి విచ్చుకునేసరికి నోట్లో ఒక్కసారిగా ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని నింపడానికి ముందున్న నీళ్లు దూసుకొస్తాయి, నీళ్లతో పాటు మేతా వస్తుంది. మన కంటిరెప్ప పడి లేచేలోపే అంతా అయిపోతుంది. నచ్చకపోతే ఉమ్మేయడానికీ అంతే సమయం. గాలం వేసేవాడి చేతికి ‘టక్’మని తగిలేది చేప కొరకడం వల్ల అనుకుంటాం గానీ, బొమ్మ ఉన్నపళాన మాయమై దారం ఒక్క కుదుపు తినడం వల్ల వచ్చేదే అది.

మింగాలంటే నోరు పట్టాలి. అందుకే బాస్‌కు మేత పొడవు కంటే మేత లోతు, అంటే వీపు నుంచి పొట్టకు ఉండే కొలత, ముఖ్యం. అదే నీళ్లలో ఉండే బ్లూగిల్ చేప పళ్లెంలా లోతుగా ఉంటుంది, వీపు మీద ముళ్లు కూడా ఉంటాయి. ట్రౌట్ అలా కాదు. గుండ్రంగా, సన్నగా, నున్నగా ఉంటుంది, ఎక్కడా ముల్లు గుచ్చుకోదు. తల ముందుగా పట్టుకుంటే సాఫీగా దిగిపోతుంది. తన పొడవులో మూడోవంతు, ఒక్కోసారి సగం దాకా ఉన్న ట్రౌట్‌ను బాస్ మింగగలదు.

ఇక లెక్క చూడండి. ఒకే ఆకారంలో ఉన్న రెండు చేపల్లో ఒకటి రెండింతలు పొడవుంటే దాని బరువు ఎనిమిదింతలు. పొడవుతో పాటు వెడల్పు, మందం కూడా రెట్టింపవుతాయి కదా. ఎనిమిది అంగుళాల ట్రౌట్ ఒక్కటి దొరికితే నాలుగంగుళాలవి ఎనిమిది దొరికినట్టే. ఎనిమిదిసార్లు కాచుకుని, ఎనిమిదిసార్లు దూకి, అందులో సగంసార్లు గురితప్పే బాధ లేదు. చిన్నాచితకా వెంట పరుగెత్తే బాస్ తిన్నదాంట్లో చాలా భాగం పరుగుకే ఖర్చుపెడుతుంది. పెద్ద మేత దొరికినది ఒళ్లు చేస్తుంది. పదిహేను పౌండ్లు దాటిన బాస్‌లు కాస్టేక్, కసీటస్, డిక్సన్ లాంటి దక్షిణ కాలిఫోర్నియా జలాశయాల నుంచి పుంఖానుపుంఖంగా రావడం వెనక ఫ్లోరిడా రక్తం ఎంత ఉందో, ట్రౌట్ లారీ కూడా అంతే ఉంది.

ఎరబొమ్మ పెద్దదైంది ఈ లెక్క తెలిశాకే. అంతకుముందు బాస్ గాలానికి వేలెడంత ప్లాస్టిక్ పురుగులు, రెక్కల చెంచాలు వాడేవారు. అలన్ కోల్ అనే ఆయన చెక్కతో చేసిన ‘ఏసీ ప్లగ్’ లాంటి ట్రౌట్ బొమ్మలు వచ్చాక, దాదాపు అడుగు పొడవున్న వస్తువు మీద కూడా చేప దూకుతుందని జనానికి నమ్మకం కుదిరింది. తర్వాత కెన్ హడిల్‌స్టన్ మెత్తటి ప్లాస్టిక్‌తో ఎనిమిదంగుళాల ట్రౌట్‌ను పోతపోశాడు. పొలుసుల మెరుపు, పొట్ట తెలుపు, పక్కన గులాబీ చార అన్నీ ఉంటాయి. నూరు గ్రాములకు పైనే బరువు. మామూలు రాడ్‌తో దాన్ని విసిరితే రాడ్ విరిగి ఊరుకుంటుంది. అందుకే సముద్రపు చేపలకు వాడేలాంటి మొద్దు రాడ్లు, పెద్ద రీళ్లు రంగంలోకి దిగాయి.

అయితే ఒక మాట ఉంది. పెద్ద ఎర వేస్తే పెద్ద చేప పడుతుందన్న సామెత సగం నిజమే. పెద్ద ఎర చిన్నచేపలను చాలావరకు వడగడుతుంది, అంతే. పెద్ద చేపను పుట్టించదు. రికార్డుల పుస్తకంలో పైనున్న చేపలన్నీ స్విమ్‌బైట్‌కు పడ్డవీ కావు. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురీటా పట్టిన 22 పౌండ్ల 4.97 ఔన్సుల చేప బతికున్న బ్లూగిల్‌ను మింగి గాలానికి చిక్కింది. పెరీ రికార్డును దాటినట్టు లెక్కవేయాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ తూగాలి. కాబట్టి ఇద్దరి పేర్లూ సమంగా ఉన్నాయి.

ఇప్పుడు కాలాలు. ఎండాకాలంతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే జలాశయం నిజస్వరూపం అప్పుడే బయటపడుతుంది. జూలైలో పడవ మీంచి నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటాయి. థర్మామీటరును తాడుకు కట్టి దించుతూ పోతే కొన్ని మీటర్ల దాకా అంకె పెద్దగా కదలదు. ఆ తర్వాత మీటరు మీటరుకీ టపటపా పడిపోతుంది. అలా పడిపోయే పొరే థర్మోక్లైన్. దాని కింద మళ్లీ అంకె నిలకడగా ఉంటుంది, చల్లగా.

పైనా కిందా నీళ్లు ఎందుకు కలవవు? సాంద్రత తేడా వల్ల. నీరు అన్నిటికంటే చిక్కగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అక్కణ్ణుంచి వేడెక్కేకొద్దీ తేలికవుతుంది, కానీ ఒకే లెక్కన కాదు. 10 డిగ్రీల నుంచి 11కు పోతే లీటరు బరువు పదోవంతు గ్రాము మాత్రమే తగ్గుతుంది. 25 నుంచి 26కు పోతే పావు గ్రాముకు పైగా తగ్గుతుంది. అంటే వేసవిలో ఒక్క డిగ్రీ తేడా కూడా గట్టి గోడ. సాయంత్రం గాలి ఎంత విసిరినా పై పొర వరకే కలుస్తుంది, కిందికి దిగదు.

అడుగున మిగిలిన చల్లని నీళ్లకు బయటి గాలితో సంబంధం తెగిపోతుంది. పైనుంచి రాలిన నాచు, ఆకులు అడుగున కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. ఆగస్టు నాటికి ఇలాంటి జలాశయాల్లో లోతున చేప బతికే వీలే ఉండదు. ఎకో సౌండర్ తెరమీద నలభై అడుగుల దగ్గర ఒక గీత గీసినట్టు చేపల చుక్కలన్నీ ఆగిపోతే, అదే గోడ అన్నమాట.

ట్రౌట్ పరిస్థితి చూడండి. దానికి హాయి 10 నుంచి 16 డిగ్రీల మధ్య. 20 దాటితే ఆయాసం, 25 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. పైన వేడి, కింద ఊపిరాడదు. మధ్యలో పరుపంత పొరలో అవి ఇరుక్కుని బతకాలి, ఆ పొర కూడా రోజురోజుకీ పలచబడుతుంది. అందుకే ఎండలు ముదిరితే లారీలు రావు. ఉన్న ట్రౌట్‌లు కూడా సెప్టెంబరు నాటికి చాలావరకు ఉండవు.

బాస్‌కు మాత్రం ఇది పండగ. దాని జీవక్రియ బాగా నడిచేది 26, 28 డిగ్రీల మధ్యే. తిన్నది త్వరగా అరుగుతుంది, త్వరగా ఆకలేస్తుంది. కానీ తినడానికి ఉన్నది షాడ్ గుంపులు, బ్లూగిల్ పిల్లలు, క్రేఫిష్‌లు. పగటి వెలుగులో స్విమ్‌బైట్ వేస్తే బాస్ వెనకాలే వచ్చి, రెండు మీటర్ల దూరంలో ఆగి, బొమ్మను నఖశిఖపర్యంతం చూసి, వెనక్కి తిరుగుతుంది. వేసవిలో స్పష్టమైన నీళ్లలో ఇది మామూలు దృశ్యం. తెల్లవారుజామున, మసక చీకట్లో నీటి పైతలాన్ని ‘వీ’ ఆకారంలో చీలుస్తూ నడిచే తేలుడు బొమ్మలకు కొంత అవకాశం. చేప దాన్ని కిందినుంచి చూస్తుంది. ఆకాశం వెలుగు మీద నల్లటి నీడ తప్ప రంగూ రూపూ తెలియవు.

రంగుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఇల్లినాయ్ పరిశోధకులు బాస్‌లకు రంగులు నేర్పించి పరీక్షించిన పని 2019లో వెలువడింది. ఆకుపచ్చనీ ఎరుపునీ అవి ఇట్టే పట్టేశాయి. నిమ్మపసుపును తెలుపుతోనూ, నీలాన్ని నలుపుతోనూ పొరబడ్డాయి. వాటి కంట్లో రంగుల కణాలు రెండే రకాలు, మనకు మూడు. దుకాణంలో నలభై రంగుల్లో అమ్మే బొమ్మలు ఎవరి కళ్లకోసం తయారయ్యాయో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

అలాంటిదే ఇంకో నమ్మకం, వాతావరణ పీడనం పడిపోతే చేప మేత మానేస్తుందని. తుఫాను వచ్చినప్పుడు పీడనం ముప్పై మిల్లీబార్లు పడిపోతే అది చాలా పెద్ద మార్పు. నీళ్లలో ఉన్న చేపకు అది ముప్పై సెంటీమీటర్ల లోతు తేడాతో సమానం. ఒక జానెడున్నర కిందికి దిగితే సరిపోయే దానికి చేప ఉపవాసం ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. మబ్బు కమ్మడం, గాలి రేగడం, వెలుగు తగ్గడం లాంటివి పీడనంతో పాటే వస్తాయి. చేప నడవడి మారితే కారణం అక్కడ వెతకాలి.

శరత్కాలం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రాత్రులు చల్లబడి పై నీళ్లు బరువెక్కి దిగుతుంటాయి, థర్మోక్లైన్ కిందికి కిందికి జరుగుతుంది. ఒకనాటికి గోడ కూలి జలాశయం అడుగు నుంచి పైదాకా కలిసిపోతుంది. ఆ రోజుల్లో రేవు దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వేస్తే అది అడుగున నిలవున్న హైడ్రోజన్ సల్ఫైడ్. చేపలు చెల్లాచెదరై, గాలం వేసేవాళ్లు గొణుక్కుంటారు. చలిదేశపు సరస్సులు ఏడాదికి రెండుసార్లు ఇలా కలుస్తాయి, మధ్యలో పైన మంచు గడ్డకడుతుంది. కాస్టేక్‌లో మంచు కట్టదు కాబట్టి ఒక్కసారి మొదలైన కలయిక చలికాలమంతా సాగుతుంది.

చలికాలమే అసలు కథ. నీళ్లు పన్నెండు డిగ్రీలకు దిగుతాయి. బాస్ శీతల రక్త జీవి. వేడి పది డిగ్రీలు తగ్గితే దాని జీవక్రియ సగానికి పడిపోతుందని స్థూలంగా లెక్క. అంటే వేసవిలో కాల్చిన ఇంధనంలో ఇప్పుడు మూడోవంతు చాలు. ఒకసారి కడుపు నిండితే అరగడానికి రోజులు పడుతుంది. ఇలాంటప్పుడు అది వెంటాడదు. లోతు పక్కనే ఉన్న రాతి ముక్కు మీద, మునిగిన పాత రోడ్డు అంచున, అడుగుకు పొట్ట ఆనించి ఉంటుంది.

సరిగ్గా అప్పుడే లారీ వస్తుంది.

ఇక్కడ ఉన్న తిరకాసు నాకు చాలా ఇష్టం. ట్రౌట్‌కు హాయిగా ఉండే నీళ్లు బాస్‌కు మందంగా ఉండే నీళ్లు. సహజంగా అయితే చల్లని నీళ్లలో చురుకైన ట్రౌట్‌ను మందకొడి బాస్ అందుకోవడం కష్టం. కానీ ఇవి పెంపక కేంద్రపు సిమెంటు తొట్లలో గుళికలు తిని పెరిగినవి. శత్రువంటే ఏమిటో ఎరగవు. గొట్టంలోంచి జారిపడి, కాసేపు దిక్కు తెలియక, తొట్టిలో అలవాటైనట్టే గుంపు కట్టి గట్టు వెంట చక్కర్లు కొడతాయి. చలిలో బాస్‌కు కావలసింది తక్కువ శ్రమకు పెద్ద ముద్ద. దొరికిందీ అదే. పైగా ఆడ బాస్ గుడ్లు కట్టేది శరత్కాలం నుంచి వసంతం దాకా. పది పౌండ్లు దాటే బాస్‌లు దాదాపు అన్నీ ఆడవే. మగవి అంత పెరగవు. చలికాలపు ట్రౌట్ నేరుగా గుడ్లలోకీ కొవ్వులోకీ పోతుంది.

గాలం వేసే పద్ధతి కూడా దీన్నిబట్టే. పడవను మెరక వైపు నిలిపి, బొమ్మను లోతు వైపు విసురుతారు. హడిల్‌స్టన్ బొమ్మల మీద మునిగే వేగానికి ఒక అంకె ఉంటుంది. పన్నెండు అని ఉంటే పది సెకన్లలో పన్నెండు అడుగులు దిగుతుంది. ఇరవై నాలుగు అడుగుల అడుగుకు దించాలంటే ఇరవై లెక్కపెట్టాలి. దారం సడలితే అడుగు తగిలినట్టు. ఇక రీలు పిడిని నిదానంగా, సెకనుకు ఒక చుట్టు కూడా మించకుండా తిప్పుతూ, వాలు వెంట బొమ్మను పైకి పాకించాలి. చూసేవాడికి విసుగొస్తుంది. చెయ్యి తిప్పేవాడికి మాత్రం మునివేళ్ల దగ్గర ఒక లయ తెలుస్తుంటుంది. బొమ్మ తోక ఊగే లయ అది.

ఆ తోకే ఈ వస్తువులో అసలు యంత్రం. నీళ్లలో అడ్డంగా ఉన్న దేని వెనకైనా నీరు ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ సుడులు విడుస్తుంది. మెత్తటి తోక ఆ సుళ్ల ధాటికి అటూ ఇటూ ఊగుతుంది, ఊగినందువల్ల సుళ్లు ఇంకా క్రమబద్ధంగా పడతాయి. బతికున్న చేప కూడా తన వెనక ఇలాంటి సుళ్ల వరసే వదులుతుంది. తోక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యను ఊపు వెడల్పుతో గుణించి ఈత వేగంతో భాగిస్తే, చిన్న చేప మొదలుకుని తిమింగలం దాకా ఈదే జీవుల్లో చాలావాటికి 0.2కు, 0.4కు మధ్యే పడుతుంది. దీన్ని స్ట్రౌహల్ సంఖ్య అంటారు. గ్యారేజీలో బొమ్మ తయారుచేసేవాడు ఈ పేరు వినకపోవచ్చు. తోక మందం చెక్కి చెక్కి, ఇంటి వెనక ఈతకొలనులో లాగి లాగి చూసి, చివరికి అతను చేరుకునేది ఆ పరిసరాలకే.

ఈ సుళ్లను బాస్ పార్శ్వరేఖతో పట్టుకుంటుంది. చేపను చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూస్తే మొప్ప వెనక మొదలై తోక దాకా సన్నని గీత కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అది గీత కాదు, వరసగా రంధ్రాలున్న పొలుసులు. లోపల సన్నని కాలువ, అందులో అక్కడక్కడా రోమకణాల గుత్తులు, ఒక్కో గుత్తి మీద జిగురు టోపీ. బయట నీరు కదిలితే టోపీ వంగుతుంది, రోమాలు వంగుతాయి, నాడికి సంకేతం పోతుంది. మన లోపలి చెవిలో ఉన్నవీ ఈ జాతి కణాలే. అయితే దీని అందుబాటు తక్కువ, చేప పొడవుకు ఒకటి రెండింతలు. దూరం నుంచి రప్పించేది కన్ను, దగ్గరికొచ్చాక ఆఖరి మాట పార్శ్వరేఖది. వేసవిలో వెనకాలే వచ్చి వెనుదిరిగిన చేపకు ఆ ఆఖరి గజంలో ఎక్కడో లెక్క కుదరలేదన్నమాట.

ఫిబ్రవరి దాటి నీళ్లు వేడెక్కడం మొదలైతే లోతున ఉన్న ఆడచేపలు అంచెలంచెలుగా మెరకకు వస్తాయి. పొట్ట నిండా గుడ్లు, ఇంకా ఆకలి. కాస్టేక్ ఘనతలు మార్చిలో పడటం కాకతాళీయం కాదు. చేప ఏడాదిలో అత్యధిక బరువుండేది, గట్టుకు అతి దగ్గరగా ఉండేది అప్పుడే. 2006 మార్చి 20న ఎస్కాండిడోలోని డిక్సన్ సరస్సులో మాక్ వీక్లీ అనే ఆయన గాలానికి చిక్కిన ఆడచేప చేతితక్కెడ మీద 25 పౌండ్ల 1 ఔన్సు తూగింది. గాలం నోట్లో కాక బయట ఒంటికి గుచ్చుకుంది. అతను రికార్డు కోరలేదు, చేపను వదిలేశాడు. దవడ కింద నల్లమచ్చ ఉండటం వల్ల ఆ చేపను అంతకుముందే అక్కడివాళ్లు గుర్తుపట్టి ‘డాటీ’ అని పేరు పెట్టుకున్నారు. 2008లో అది చచ్చి తేలినప్పుడూ ఆ మచ్చను చూసే ఆనవాలు పట్టారు.

నీళ్లు 16, 18 డిగ్రీలకు వస్తే మగచేప పని మొదలవుతుంది. తోకతో అడుగున మట్టి చిమ్మి, గుండ్రటి పళ్లెంలా గూడు చేస్తుంది. ఆడది వేల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కాపలా అంతా మగదే. గుడ్లు పొదగడానికి నాలుగైదు రోజులు, పిల్లలు సొంతంగా తిరగడానికి ఇంకొన్ని వారాలు. అంతకాలం అది సరిగా తినదు. మొప్పరెక్కలతో గుడ్ల మీద నీళ్లు విసురుతూ, దగ్గరికొచ్చిన ప్రతిదాని మీదా కలబడుతుంది. పిల్లల గుంపును కాచుకుని తిరిగే మన కొర్రమీనును చూసినవాళ్లకు ఈ తంతు కొత్త కాదు. పిల్లల గుంపు ఎర్రగా కదిలే చోట కప్పబొమ్మ వేస్తే తల్లో తండ్రో ఎగబడుతుందని మన గాలంవాళ్లకూ తెలుసు. బాస్ గూటి మీదకి స్విమ్‌బైట్ వేసినా జరిగేది అదే. ఆకలి కాదు, కాపలా.

అయితే అన్ని మగచేపలూ ఒకేలా కలబడతాయా? ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో 1970లలో మొదలైన ప్రయోగం దీన్ని చాలా ఓపికగా తేల్చింది. అక్కడ పట్టిన ప్రతి బాస్‌నూ కొలిచి, గుర్తు వేసి, మళ్లీ వదిలారు. నాలుగేళ్ల తర్వాత సరస్సు నీళ్లు తోడేస్తే 1700కు పైగా బాస్‌లు దొరికాయి. వాటిలో దాదాపు 200 చేపలు అన్నాళ్లలో ఒక్కసారి కూడా గాలానికి చిక్కనివి. మరోవైపు, ఒక చేప ఒకే ఏడాదిలో 16 సార్లు చిక్కింది. డేవిడ్ ఫిలిప్ బృందం తరచూ చిక్కేవాటిని ఒక వంశంగా, చిక్కనివాటిని ఇంకో వంశంగా విడదీసి పెంచుతూ పోయింది. మూడు తరాలకు తేడా పెరుగుతూ వచ్చింది. గాలానికి చిక్కే గుణంలో కొంత వారసత్వం ఉందన్నమాట.

ఆ వంశాలనే గూళ్ల దగ్గర గమనించి 2012లో ప్రచురించిన పని ఇంకా ముఖ్యమైనది. సులభంగా గాలానికి చిక్కే వంశపు మగచేపలే గుడ్లను ఎక్కువ శ్రద్ధగా కాచాయి, శత్రువు మీద ఎక్కువ దూకుడుగా పోయాయి. గాలానికి చిక్కని వంశానివి ఎరనూ పట్టించుకోలేదు, గూటినీ అంతంతమాత్రంగా చూసుకున్నాయి. దశాబ్దాల తరబడి వసంతంలో గూళ్ల మీద గాలాలు వేస్తే ఎవరు మిగులుతారన్నది చెప్పనక్కర్లేదు.

పట్టి వదిలేస్తున్నాం కదా, నష్టమేముంది అనే మాట తరచూ వినిపిస్తుంది. గూడు చుట్టూ బ్లూగిల్‌లు రెండు మూడు గజాల దూరంలో కాచుకునే ఉంటాయి. మగచేపను పడవలోకి ఎత్తి, తూచి, రెండు ఫొటోలు తీసి నీళ్లలోకి దించే అయిదు పది నిమిషాల్లో అవి గూట్లో చొరబడి గుడ్లు తినేస్తాయి. తిరిగి వచ్చిన మగచేప గూడు బాగా ఖాళీ అయిందని తేలితే కాపలా మానేసి వెళ్లిపోతుంది. కెనడాలోని ఒంటారియోలో చాలాచోట్ల ఈ కారణంగానే వసంతం అంతా బాస్ వేట మూసేసి జూన్ రెండో సగంలో తెరుస్తారు. కాలిఫోర్నియా జలాశయాల్లో చాలావాటిలో ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. అక్కడ నిబంధన లేకపోయినా, ఏప్రిల్‌లో గూళ్లను వదిలేసి, గుడ్లు పెట్టి అలసిన ఆడచేపలు దిగే ఇరవై అడుగుల వాలు మీదకి పడవను తిప్పుకునే పాతకాపులు కొందరున్నారు. లారీలు ఇంకో నెలో, నెలన్నరో వస్తాయి. ఆ వాలు మీద ట్రౌట్ బొమ్మకు అప్పటిదాకా పని ఉంటుంది.